ఫారోకి 60 ఉత్తరాలు

నా ఉద్యోగంలో సగం టికెట్లు చూడటమే. ఒకే కంప్లయింట్ పదేపదే పంపేవాళ్లంటే చిరాకు. అందుకే రిబ్-హద్దా కథ నాకు గట్టిగా తగిలింది.

దాదాపు 3,350 ఏళ్ల కిందట నేటి లెబనాన్, పాలస్తీనా ప్రాంతాలు ఈజిప్టు గుప్పిట్లో ఉండేవి. గాజా లాంటి చోట్ల అధికారుల్ని, కొద్దిపాటి సైనికుల్ని పెట్టి, మిగతా ఊళ్లలో పాత రాజుల్నే ఉంచి కప్పం కట్టించుకునేవాళ్లు. ఆ రాజుల కొడుకుల్ని ఈజిప్టుకి తీసుకెళ్లి పెంచి, తండ్రి పోయాక గద్దెనెక్కించేవాళ్లు. అక్కడున్నన్నాళ్లూ ఆ పిల్లలు విద్యార్థులే, బందీలు కూడా!

ఏ కష్టమొచ్చినా రాజులు ఫారోకే రాసుకోవాలి. 1887లో అమర్నాలో బయటపడిన మట్టి పలకల్లో 60 దాకా బిబ్లస్ రాజు రిబ్-హద్దావే. పక్కనున్న అమురు పాలకుడు ఊళ్లు లాక్కుంటున్నాడు, విలుకాళ్లని పంపండి అని ఒకటే మొర. అడిగినంత సాయం రాలేదు. కప్పం వస్తున్నప్పుడు సామంతులు కొట్టుకుంటే ఫారోకేంటి?

చివరికి రిబ్-హద్దాని సొంత తమ్ముడే గెంటేశాడు. అమురు పాలకుడి కొడుకు అజీరు, నేటి టర్కీ నుంచి ఏలిన హిట్టైట్ల పక్షం చేరాడు. అమురు ఈజిప్టు చేజారింది.

ఇది చదివాక, 'మళ్లీ ఇదేనా' అంటూ నేను మూసేసిన టికెట్ ఒకటి తిరిగి తెరిచా.