వేట రైఫిలు – గుండు బరువు

వేట రైఫిలు శక్తి యంతయు గుండు వేగములోనే ఉన్నదని మనలో చాలమంది తలంతురు. ఆఫ్రికాలో అడవిదున్నకు ఎదురు నిలిచినవారి అనుభవము వేరు.

1912లో ఇంగ్లండుకు చెందిన హాలండ్ అండ్ హాలండ్ వారు వెలువరించిన 0.375 అంగుళముల మాగ్నం రైఫిలుకు 235, 270, 300 గ్రెయినుల గుండ్లు ఏర్పడినవి. 300 గ్రెయినులనగా మన తులమున్నరకు కొంచెము పైన, అంతే! వ్యాసము ఒక్కటే గనుక బరువు పెరిగినకొలది గుండు పొడవగును. ఆ చిన్న మొన వెనుక అంత బరువుండుటచే అది దళసరి తోలును, ఎముకను ఛేదించుకొని గుండెను చేరును. తేలికగుండు దూరమున నున్న జింకకు చాలును. దున్న భుజపుటెముకకు తగిలి పగిలిపోవచ్చును. గాయపడి పొదలో దాగిన దున్న జాడ తీయువారి మీదికి దూకును. ముందు నడచువాడు తరచుగా తుపాకి లేని కూలివాడే. కావున దున్నకు 300 గ్రెయినులే మేలని మా అభిప్రాయము.

స్కాట్లండు వేటగాడు బెల్ 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిలుతో ఎన్నో ఏనుగులను కూల్చెను. అతడు వాడినవి 173 గ్రెయినుల పొడవైన, పగులని గుండ్లు. అతని గురి మాట వేరే చెప్పవలెనా!

అయితే మితిమీరి పొడవైన గుండును గొట్టములోని మెలిగాడులు చాలినంతగా త్రిప్పలేవు. అది తిన్నగా పోదు. అడవికి పోకముందే ఆ గుండును ఆ రైఫిలుతోనే కాల్చి చూడవలెను.