ఇంటికొక కంప్యూటరు: విడిభాగముల ఎంపికలో మెలకువలు

నిజాంసాగర్ కాలువల క్రింద వరి పండు బాన్సువాడ ప్రాంతమున ధాన్యము అమ్మకమైన పిదప గృహములలో పెద్ద కొనుగోళ్ల ప్రసక్తి వచ్చుట పరిపాటి. పూర్వము కాడెద్దులో, మోటారు పంపో ఆ ప్రసక్తిలో ముందుండెడివి. ఇప్పుడు వానితోపాటు కంప్యూటరు కూడ చేరినది. కళాశాల చదువులలో నున్న పిల్లలకు అది కావలెను. దుకాణపు లెక్కలు వ్రాసికొను పెద్దలకు కావలెను. తీరిక వేళ ఆటలాడ గోరు కుర్రవారికిని కావలెను. ఈ పనులన్నియు ఒకే యంత్రముతో నెరవేరవలెనని కుటుంబములు కోరుట సహజము.

అరువది వేలు మొదలు ఎనుబది వేల రూపాయల వరకు వెచ్చించుట రైతు కుటుంబమునకు అల్ప విషయము కాదు. ఆ సొమ్ము తెలిసి వెచ్చించినచో యంత్రము ఐదారేండ్లు అక్కరకు వచ్చును. తెలియక వెచ్చించినచో మొదటి వేసవిలోనే మూలబడవచ్చును. కావున విడిభాగములను ఎన్నుకొనుటలో గమనింపవలసిన విషయములను ఇచట వివరింప దలచితిమి.

మొదటి ప్రశ్న

యంత్రము ఏ పనికి కావలెనో ఇంటిల్లిపాది కూర్చుండి ముందుగా నిర్ణయించుకొనవలెను. చదువు, లెక్కలు, దరఖాస్తులు, పాఠముల వీడియోలు మాత్రమే ప్రయోజనమైనచో ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. బొమ్మను చూపు శక్తి ప్రాసెసరులోనే ఇమిడియున్న రకములు కలవు. వానితో చాల తక్కువ సొమ్ములోనే పని గడచును. హాస్టలులో నుండి చదువు విద్యార్థికి లాప్‌టాప్ మేలు. నేటి పెద్ద ఆటలు, ఇంజనీరింగు నమూనాల చిత్రణము, వీడియోల కూర్పు వంటివి కూడ కావలెనన్నప్పుడే ఈ వ్యాసమున చెప్పు మధ్యరకపు యంత్రము తగినది.

విడిభాగములతో కూర్చిన యంత్రమునకు ఒక గొప్ప సౌకర్యము కలదు. ఒక భాగము చెడినచో దానిని మాత్రమే మార్చుకొనవచ్చును. రెండేండ్ల పిమ్మట శక్తి చాలదని తోచినచో ఆ ఒక్క భాగమునే పెంచుకొనవచ్చును.

సన్నని తూము

1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగర్ ఈ ప్రాంతపు రైతులకు ఒక సత్యమును నిత్యము బోధించుచునే యున్నది. జలాశయము ఎంత నిండియున్నను, కాలువ ఎంత వెడల్పుగా నున్నను, పొలమునకు చేరు నీరు తూము పరిమాణమునుబట్టియే యుండును. కంప్యూటరు విషయమున కూడ ఇదియే సూత్రము. ఎంతో వెలగల ప్రాసెసరును కొని, గ్రాఫిక్స్ కార్డు బలహీనమైనది పెట్టినచో ఆటలు తడబడును. రెండును మంచివి కొని, ర్యామ్ తక్కువ చేసినచో యంత్రము పదేపదే ఆగుచుండును. అన్నియు మంచివి కొని, పవర్ సప్లై నాసిరకముది పెట్టినచో అన్నింటికిని అపాయమే. ఒక్క భాగము గొప్పదగుటకంటె అన్ని భాగములును పొందికగా నుండుట ముఖ్యము.

భాగముల పరిచయము

ప్రాసెసరు లెక్కలు చేయు భాగము. మధ్యరకపు యంత్రమునకు ఆరు కోర్లు గలది చాలును. ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 తరగతి, ఇంటెల్ వారి కోర్ ఐ5 తరగతి ఈ కోవకు చెందినవి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో అందు బొమ్మను చూపు శక్తి ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండ అట్టిదానిని కొన్నచో తెర వెలుగదు.

మదర్‌బోర్డు అన్ని భాగములను కలుపు పలక. ప్రాసెసరు కూర్చుండు గూడు, ర్యామ్ అమరు గాడి దీనియందుండును. ఈ రెంటిని సరిచూడక కొనరాదు. ఏ.ఎం.డి. వారి ఏఎం4 గూడు 2016లోను, ఏఎం5 గూడు 2022లోను వచ్చినవి. మొదటిది డీడీఆర్4 ర్యామ్‌ను, రెండవది డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే గ్రహించును. ఒకదాని ర్యామ్ మరొకదాని గాడిలో అమరదు. మున్ముందు ప్రాసెసరును మార్చుకొన దలచువారికి ఏఎం5 మేలు.

ర్యామ్ 16 జీబీ కనీసముగా నుండవలెను. 16 జీబీ గల ఒకే పలకకంటె 8 జీబీ పలకలు రెండు వేసినచో వేగము హెచ్చును. కృత్రిమ మేధకు సంబంధించిన పెద్ద కేంద్రముల గిరాకి మూలమున 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు ప్రపంచమంతటను మిక్కిలి పెరిగినవి. కనుక పాత ధరల పట్టికను నమ్మక, కొను దినపు ధరనే చూడవలెను.

ఎస్.ఎస్.డి. సమాచారమును భద్రపరచు భాగము. పాతకాలపు హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 150 మెగాబైట్లు చదువగా, సాటా ఎస్.ఎస్.డి. సుమారు 550, ఎన్‌వీఎంఈ రకము కొన్ని వేల మెగాబైట్లు చదువగలవు. నేటి పెద్ద ఆట ఒక్కటియే 100 జీబీకి మించి స్థలమాక్రమించుట కలదు. కావున 500 జీబీ కనీసము, 1 టీబీ ఉత్తమము.

గ్రాఫిక్స్ కార్డు ఆటలకు ప్రాణము. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఏ.ఎం.డి. వారి ఆర్‌ఎక్స్ 7600 మధ్యరకమునకు చెందినవి. మూడింటిలోను 8 జీబీ స్మృతి కలదు. 1920 × 1080 చుక్కల తెరపై ఆడుటకు ఇవి చాలును. తెర అంతకంటె పెద్ద కొలతది కొన్నచో కార్డు కూడ పెద్దది కావలసి వచ్చును.

సొమ్ము పంపకము

మానిటరునకును, యు.పి.ఎస్.కును ముందుగా కొంత సొమ్ము తీసి ప్రక్కన ఉంచవలెను. మిగిలిన సొమ్మును నూరు భాగములుగా భావించి, సుమారుగా ఇట్లు పంచుకొనవచ్చును: గ్రాఫిక్స్ కార్డునకు 33, ప్రాసెసరునకు 17, మదర్‌బోర్డునకు 12, ర్యామ్‌నకు 12, ఎస్.ఎస్.డి.కి 8, పవర్ సప్లైకి 7, గాలిపంకలతో కూడిన క్యాబినెట్‌నకు 6, కీబోర్డు మౌసులకు 5. ధరలనుబట్టి రెండు మూడు పాళ్లు అటునిటు కావచ్చును. కాని రంగు దీపముల క్యాబినెట్ కొరకు పవర్ సప్లై భాగమును కోసివేయరాదు.

విద్యుత్తు, వేడి, ధూళి

నగరమునకంటె గ్రామమున అధిక శ్రద్ధ వహింపవలసినది ఈ మూడింటి విషయముననే. కొనువారు తరచుగా మరచునదియు ఇదియే.

ఇంటికి వచ్చు విద్యుత్తు 230 వోల్టులని చెప్పుదుము. కాని సమీపమున వ్యవసాయపు మోటార్లు ఒక్కసారిగా కదలినప్పుడు అది తగ్గుటయు, అవి ఆగినప్పుడు పెరుగుటయు గ్రామస్థుల కనుభవమే. ఈ ఒడుదుడుకులను తట్టుకొని, లోపలి భాగములకు నిలకడయైన విద్యుత్తునందించు బాధ్యత పవర్ సప్లైది. దుకాణములలో దీనినే ఎస్.ఎం.పి.ఎస్. అందురు. పేరున్న సంస్థవారిది, ‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర గలది, 550 వాట్లది తీసికొనవలెను. పెట్టెపై 100 మొదలు 240 వోల్టుల వరకు పనిచేయునని వ్రాసియున్నదా యని చూడవలెను. క్యాబినెట్‌తోపాటు ఉచితముగా వచ్చు నాసిరకపు పవర్ సప్లైలను ఇట్టి యంత్రమునకు వాడరాదు. అది చెడునప్పుడు తాను మాత్రమే చెడక, వేల రూపాయల కార్డును కూడ చెరుపవచ్చును.

యంత్రము ఆట సమయమున సుమారు 300 వాట్లు వాడుకొనును. దినమునకు రెండు గంటలు ఆడినచో నెలకు 18 యూనిట్లగును. పాఠములు చదువునప్పుడు ఇందులో నాలుగవ వంతు మాత్రమే ఖర్చగును. యు.పి.ఎస్. కొనునప్పుడు దానిపై వ్రాసిన వీఏ సంఖ్యలో నూటికి అరువది వంతులే వాట్లని సాధారణముగా లెక్కింపవలెను. 600 వీఏ యనగా సుమారు 360 వాట్లు. అది అంచున నిలుచును. 1000 వీఏ ఉన్నచో నిశ్చింత. ఇంట ఇదివరకే ఇన్వర్టరున్నచో అది సైన్ వేవ్ రకమై, యు.పి.ఎస్. స్థితిలో నడచుచున్నదా యని ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయవలెను.

మూడు కాళ్ల ప్లగ్గునకు మూడవ కాలు అలంకారము కాదు. ఇంటికి సరియైన ఎర్తింగ్ లేనిచో క్యాబినెట్‌ను తాకినప్పుడు షాకు కొట్టవచ్చును. యంత్రము కొనుటకు ముందే ఎర్తింగ్ చూపించుకొనుట ఉత్తమము. ఉరుములు మెరుపులతో గాలివానలు వచ్చునప్పుడు ప్లగ్గును, ఇంటర్నెట్ తీగను ఊడదీయవలెను.

ఇక వేసవి. నీడలోనే 40 డిగ్రీలు దాటు ఎండలలో గాలి ఆడని క్యాబినెట్ కుంపటి వంటిది. ముందువైపు జల్లెడ వలె రంధ్రములుండి, లోనికి గాలిని తీయు పంకలు, వెలుపలికి త్రోయు పంక ఉన్న క్యాబినెట్‌ను ఎన్నుకొనవలెను. దానిని గోడకు ఆనించి గాని, బీరువా అరలో గాని ఉంచరాదు. కోతల కాలమున గాలిలో లేచు దుమ్ము, పొట్టు పంకలలో పేరుకొనును. కనుక తీసి కడుగుటకు వీలైన వడపోత జాలి ఉండుట మేలు. మూడు మాసములకొకసారి ప్లగ్గు తీసి, పంక రెక్కలు తిరుగకుండ పట్టుకొని, మెత్తని కుంచెతో ధూళిని తుడువవలెను.

కొనునప్పుడు

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు విడిభాగములకు పేరుపొందిన విపణి. కామారెడ్డి నుండి రైలులో పోవచ్చును. పోవుటకు ముందే అంతర్జాలమున ధరలు చూచి, ప్రతి భాగము పూర్తి పేరును సంఖ్యతో సహా కాగితముపై వ్రాసికొనవలెను. ‘ఐ5’ అని మాత్రమే చెప్పినచో చాలదు. అది ఎన్నవ తరమునకు చెందినదో తెలియవలెను. పదేండ్ల నాటిదియు ఐ5యే, నిన్నటిదియు ఐ5యే. కార్యాలయములు విడిచిన పాత యంత్రములు చవుకగా దొరకును గాని, వానిలో ననేకము విండోస్ 11ను గ్రహింపవు. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. డబ్బు పెట్టి విండోస్ కొనలేనివారు ఉచితముగా లభించు ఉబుంటును, లిబ్రె ఆఫీసును వాడుకొనవచ్చును. కొన్ని ఆటలు మాత్రము వానియందు నడువవు.

ప్రతి భాగము క్రమసంఖ్యయు వ్రాసిన జీఎస్టీ బిల్లు తీసికొనవలెను. బిల్లు లేని తగ్గింపు ధర తగ్గింపు కాదు. అది వారంటీని వదలుకొనుటయే. దుకాణముననే యంత్రమును వెలిగించి, ర్యామ్ ఎంత, కార్డు ఏది యని తెరపై సరిచూచికొనవలెను. మోసము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చును.

ఇంటికి తెచ్చిన పిదప మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డునకే తగిలింపవలెను. మదర్‌బోర్డునకు తగిలించినచో కొన్న కార్డు ఊరక కూర్చుండును. ఆట నెమ్మదిగా నున్నదని విచారించుటకు ముందు ఈ తీగను చూచుట మంచిది.

ఆటయు, చదువును

ఆటలు ఆడుట దోషము కాదు. కబడ్డీకి వేళ యున్నట్లే దీనికిని వేళ యుండవలెను. కాని పందెము కట్టు ఆటలు వేరు. తెలంగాణ రాష్ట్రము 2017లోనే ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను దేశమంతటను నిషేధించినది. యంత్రమును నలుగురు మెలగు గదిలో ఉంచినచో పెద్దల దృష్టియు, పిల్లల స్వేచ్ఛయు రెండును నిలుచును.

ఆట కొరకు కొన్న గ్రాఫిక్స్ కార్డే రేపు ఇంజనీరింగు విద్యార్థికి నమూనాలు గీయుటకును, వీడియోలు కూర్చుటకును ఉపకరించును. ఎర్తింగ్ సరిచేయించి, పవర్ సప్లై మంచిది తెచ్చి, ధూళి తుడుచుచు వాడుకొన్న యంత్రము అన్న చదువు ముగిసిన పిదప తమ్మునికిని పనికివచ్చును. విత్తనము కొనునప్పుడు సంచి రంగు చూడక లోని గింజను చూచు రైతులు, ఈ కొనుగోలులోను ఆ తీరుననే మెలగుదురు గాక యని కోరుచున్నాము.