సినిమాస్కోపు, స్టీలు గ్లాసు, మా కృష్ణ

ఈ సంచికకి ఏదైనా సైన్సు వ్యాసం రాయమని సంపాదక మిత్రుడు అడిగాడు. సినిమా గురించి రాస్తానంటే ముఖం చిట్లించాడు. రెండూ కలిపి రాస్తానని ఒప్పించాను. హాస్టల్లో నన్ను కృష్ణ పిచ్చోడంటారు గనక ఈ వ్యాసంలో పక్షపాతం ఉంటుందని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా ఇంట్లో రెండు పార్టీలు. తాతయ్య రామారావుగారి మనిషి, నాన్న కృష్ణ మనిషి. 1977 సంక్రాంతికి, జనవరి 14నే, ‘దానవీరశూరకర్ణ’, ‘కురుక్షేత్రం’ రెండూ విడుదలయ్యాయి గదా, ఆ తగువు మా అరుగు మీద ఇంకా తెగలేదు. రామారావుగారు దర్శకత్వం చేస్తూ కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేశారు. ఈ ఒక్క విషయంలో నేను తాతయ్య వైపే. ఆ దుర్యోధనుడి ముందు ఎవరూ నిలవలేరు.

కృష్ణకి డాన్సు రాదు, నటనలో పస తక్కువ అని మీలో చాలామంది అంటారు. డాన్సు మాట ఒప్పుకుంటాను. 350 దాకా సినిమాలు చేసిన మనిషి, అన్నిట్లోనూ మనసు పెట్టి నటించాడని నేనూ అనను. అయితే తెలుగు తెర మీద కొత్త యంత్రం, కొత్త రకం కథ ఏది వచ్చినా మొదట చెయ్యి పెట్టింది ఆయనే. 1965లో తొలి రంగుల సాంఘికం ‘తేనె మనసులు’లో హీరో. 1966లో ‘గూఢచారి 116’. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’, అంటే తెలుగువాడి నెత్తిన కౌబాయ్ టోపీ పెట్టడం! దానికి కథ రాసింది ఆరుద్ర అని చెబితే మా లెక్చరరు గారొకరు నమ్మలేదు. 1974లో తొలి తెలుగు సినిమాస్కోపు ‘అల్లూరి సీతారామరాజు’. 1986లో తొలి 70 ఎం.ఎం. ‘సింహాసనం’, దానికి దర్శకుడూ ఆయనే.

వీటిలో స్కోపు సంగతే నేను చెప్పదలుచుకున్నది. ఎందుకంటే దానికో ఇంటి కథ ఉంది. ‘అల్లూరి సీతారామరాజు’ మా ఊరి డేరా టాకీసుకి వచ్చిన రోజున ఆపరేటరు ప్రొజెక్టరుకి స్కోపు అద్దం తగిలించడం మరిచాడట. మనుషులు, గుర్రాలు, కొండలు అన్నీ సన్నగా, పొడుగ్గా సాగిపోయాయి. జనం ఈలలు, కేకలు. “సగం రీలు దాకా మీ కృష్ణ తాటిచెట్టంత ఉన్నాడురా” అని తాతయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అలా ఎందుకయిందో ఆయనకీ తెలీదు, నాన్నకీ తెలీదు. ఫిజిక్సు చదువుతున్న పాపానికి నన్నడిగారు.

మామూలు బొమ్మలో ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. స్కోపులో వెడల్పు 2.35 దాకా కావాలి. కానీ ఫిల్ము అదే 35 మిల్లీమీటర్లది, సాగదీస్తే సాగదు. అందుకని తీసేటప్పుడే కెమెరా ముందు ఒక ప్రత్యేక కటకం పెట్టి బొమ్మని అడ్డంగా సగానికి నొక్కేస్తారు. ఎత్తు అలాగే ఉంటుంది. ఆ నొక్కిన బొమ్మ ఫిల్ము మీద పడుతుంది. హాల్లో ప్రొజెక్టరు ముందున్న కటకం దాన్ని మళ్ళీ రెండింతలు అడ్డంగా విప్పుతుంది. ఆ రెండో అద్దం లేకపోతే ఏమవుతుందో మా ఊరివాళ్ళు చూశారు.

గుండ్రటి భూతద్దం అన్ని వైపులా సమానంగా పెంచుతుంది. స్థూపాకారపు కటకం ఒక్క దిక్కునే పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. తాతయ్యకి ఇది చెప్పడానికి వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చాను. నిలువుగా పెట్టి దాని ఒంట్లో ముఖం చూసుకోమన్నాను. ముఖం సన్నబడింది, పొడుగు మాత్రం తగ్గలేదు. అది కెమెరా చేసే పని (అద్దం వేరు, కటకం వేరు, లెక్చరర్లు క్షమించాలి). తరవాత గాజుసీసా నిండా నీళ్ళు పోసి పేపరుకి దగ్గరగా నిలబెట్టాను. వెనక అక్షరాలు అడ్డంగా వెడల్పయ్యాయి. అది ప్రొజెక్టరు పని. తాతయ్య గ్లాసు చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఈ కటకాన్ని 1920లలో రూపొందించినవాడు హెన్రీ క్రెతియాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు. హబుల్ టెలిస్కోపు అద్దాల అమరికలో ఉన్న రెండు పేర్లలో ఒకటి ఈయనదే. 1953లో హాలీవుడ్ వాళ్ళు ‘ది రోబ్’తో దాన్ని తెర మీదికి తెచ్చారు. మొదట్లో దగ్గరి షాట్లలో ముఖాలు గవదబిళ్ళలు లేచినట్టు ఉబ్బేవి. మన దేశంలో తొలి స్కోపు 1959లో గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’. తెలుగుకి రావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

‘అల్లూరి’కి ఆ వెడల్పు అవసరమే. మన్యం కొండలు, ఒకవైపు తుపాకుల వరస, మరోవైపు ఒంటరి మనిషి, ఇది చదరపు తెరలో ఇమడదు. చింతపల్లి అడవుల్లో వి.ఎస్.ఆర్. స్వామి కెమెరాతో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది కృష్ణ, కె.ఎస్.ఆర్. దాస్ పూర్తి చేశారు. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’ చూసి నేనూ ఈలలేశాను. కానీ రామరాజంటే నా కళ్ళకి ఇప్పటికీ ఆ కాషాయం కట్టిన కృష్ణే.

2022 నవంబరు 15న కృష్ణ పోయారు. అప్పుడు మా వరి కోసి పనల మీద ఉంది. ఆకాశంలో మబ్బు. నాన్న ఫోనులో ఆ వార్త చూసి గట్టు మీద కూర్చుండిపోయాడు. హైదరాబాదు వెళ్తానని నోటితో అనలేదు. తాతయ్యే అన్నాడు, “పోరా, పోయిరా. కుప్ప నేను వేయిస్తా.” డెబ్బై అయిదు దాటిన మనిషి తలకి తువ్వాలు చుట్టి, కూలీలతో పాటు పొద్దుగూకేదాకా పొలంలో ఉన్నాడు. రెండోనాడు నాన్న తిరిగొస్తే ఒక్కమాటే అడిగాడు, “ముఖం చూడనిచ్చారా?” అని. దూరం నుంచి చూశానన్నాడు నాన్న.

2023 మే 31న కృష్ణ జయంతికి ‘మోసగాళ్ళకు మోసగాడు’ మళ్ళీ విడుదలైతే ముగ్గురం టౌనుకి వెళ్ళాం. అది స్కోపు బొమ్మ కాదు. కెమెరా మాత్రం ఆ స్వామిగారిదే. విశ్రాంతిలో సోడా తాగుతూ తాతయ్య, “ఎడారి బాగా తీశార్రా” అన్నాడు. కృష్ణ గురించి అడిగాను. సోడా అయిపోయేదాకా ఏమీ అనలేదు. గంట కొట్టారు, లోపలికి వెళ్ళాం.