కాళ్ళు నేలకు అతుక్కుంటే లాగొద్దు, గీత గీయండి

మా సంఘంలో ఒక బాబాయి వున్నాడు. పేరెందుకు గానీ, ఆయన్ని ఎరగని కూలీ మా మండలంలో లేడు. ఇరవై ఏళ్ళ వయసులో భుజానికెత్తుకున్న జెండా అరవై దాటినా దించలేదు. కూలి రేట్ల కోసం సమ్మె జరిగిన ప్రతిసారీ వూరేగింపులో ముందు వరసలో నడిచిన మనిషి. అలాంటి మనిషి నాలుగేళ్ళ కిందట వెనకబడడం మొదలుపెట్టాడు. అడుగులు చిన్నవయ్యాయి. ఖాళీగా కూచున్నప్పుడు కుడిచెయ్యి వణికేది. వయసు మీద పడిందిలే అనుకున్నాం.

ఒకనాడు ధర్నాకు పోతూ అందరం రోడ్డు దాటుతున్నాం. నడిరోడ్డు మీద బాబాయి ఆగిపోయాడు. అవతల నుంచి లారీ వస్తోంది. "తొందరగా రా బాబాయ్!" అని మేమంతా ఒక్కసారి అరిచాం. ఆయన కాళ్ళు కదల్లేదు. మోకాళ్ళు వణుకుతున్నాయి, మడమలు లేస్తున్నాయి, అడుగు మాత్రం పడడం లేదు. మాలో ఒకరు పరుగున పోయి చెయ్యి పట్టుకు లాగారు. ఒళ్ళు ముందుకొచ్చింది, కాళ్ళు రాలేదు. బోర్లా పడ్డాడు. డ్రైవరు చూసి బ్రేకు వేశాడు కాబట్టి బతికాడు. ముంజేయి విరిగింది. మూగిన జనంలో ఎవరో "పొద్దున్నే తాగొచ్చాడు" అన్నారు. కల్లు చుక్క ముట్టని మనిషిని అంత మాట అన్నందుకు మాకు కోపం వచ్చింది. కానీ ఆయన్ని లాగి పడేసింది మేమే గదా!

మేము చేసిన ఆ తప్పు ఇంకో వూళ్ళో, ఇంకో కార్యకర్త చెయ్యకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

సుద్దముక్క చేసిన పని

జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. చేతికి కట్టు వేసిన డాక్టరు ఆయన నడక చూసి నరాల జబ్బుల విభాగానికి పంపాడు. పార్కిన్సన్ జబ్బు అన్నారు. మన పెద్దలు వణుకుడు రోగం అనేది, వైద్యులు కంపవాతం అనేది చాలావరకు ఇదే. అయితే అందరికీ వణుకు వుండదు. కొందరికి ఒళ్ళు బిగుసుకుపోతుంది, పనులు నెమ్మదిస్తాయి, గొంతు సన్నబడుతుంది, ముఖంలో నవ్వూ ఏడుపూ కనిపించవు. జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి ఇట్లా కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. కొన్ని క్షణాలే కావచ్చు, ఒక్కోసారి నిమిషాలూ పట్టవచ్చు.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే ఒక అమ్మాయి మా కళ్ళు తెరిపించింది. బాబాయి ఆ గది వాకిట్లోనే ఆగిపోయాడు. ఆ అమ్మాయి లాగలేదు, కసరలేదు. సుద్దముక్క తీసుకుని ఆయన కాళ్ళ ముందు అడ్డంగా ఒక గీత గీసింది. అడుగున్నర అవతల ఇంకొకటి, ఆపైన ఇంకొకటి. "ఒక్కొక్క గీతా దాటుకుంటూ రండి తాతా" అంది. బాబాయి ఒక్క క్షణం ఆ గీత వంక చూశాడు. మడిగట్టు దాటినట్టు కాలెత్తి దాటాడు. రెండోది దాటాడు. మూడోది దాటి గది మధ్యకు వచ్చి నిలబడ్డాడు. మా పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నిన్న ఇదే మనిషిని నడవవేందని తిట్టానయ్యా" అంది.

మేస్త్రి రాని రోజు

గీత గీస్తే కాలు ఎందుకు లేచింది? ఇందులో మంత్రమేమీ లేదు. మనం నడిచేటప్పుడు అడుగు గురించి ఆలోచించం. నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ గట్టు మీద నడిచిపోతాం. ఆ నడకను మెదడు లోపలి భాగం తనంతట తానే నడిపిస్తుంది. అందుకు డోపమైన్ అనే రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే కణాలు ఈ జబ్బులో ఏడాదికేడాది చచ్చిపోతూ వుంటాయి. కాళ్ళలో సత్తువ లేక ఆగడం కాదు, 'వెయ్యి' అనే ఆజ్ఞ అందక ఆగడం.

మేస్త్రి రాని రోజు కూలీలు ఏం చేస్తారు? తమలో తాము మాట్లాడుకుని పని మొదలెడతారు. గీత చేసేదీ అదే. అలవాటు మీద సాగే దారి మూసుకుపోయినప్పుడు, కంటితో చూసి, మనసు పెట్టి వేసే అడుగుకు వేరే దారి తెరుచుకుంటుంది. నేల మీద అడ్డగీతలు పార్కిన్సన్ రోగుల్ని నడిపిస్తాయని బ్రిటిష్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే రాశాడు. చదును నేల మీద ఆగిపోయే మనిషి మెట్లు చకచకా ఎక్కడం చూసి 'నాటకం' అనుకునే వాళ్ళున్నారు. నాటకం కాదు. ప్రతి మెట్టూ ఒక గీతే. నెదర్లాండ్స్ లో నాలుగడుగులు కూడా సరిగా వెయ్యలేని 58 ఏళ్ళ రోగి ఒకాయన సైకిలు మాత్రం చక్కగా తొక్కడాన్ని అక్కడి డాక్టర్లు 2010లో లోకానికి చూపించారు. అలాగని మన రోడ్ల మీద సైకిలిచ్చి పంపమని కాదు, దిగేటప్పుడు పడే ప్రమాదం వుంది. కాళ్ళలో బలం వుండీ ఆజ్ఞ అందక ఆగుతున్నాయనడానికి అది రుజువు.

ఎక్కడ ఆగుతాయి, ఏం చెయ్యాలి

కాళ్ళు ఎక్కడబడితే అక్కడ ఆగవు. నడక మొదలెట్టేటప్పుడు, వెనక్కి తిరిగేటప్పుడు, గడప దగ్గర, సందుల్లో, జనం మధ్య, మంచం దగ్గరకు వచ్చి కూచోబోయేటప్పుడు ఆగుతాయి. ఎవరైనా తొందర పెడితే, కంగారు పెడితే తప్పకుండా ఆగుతాయి. నడుస్తుండగా మాటలు పెట్టినా, చేతికి చెంబో సంచో ఇచ్చినా ఆగుతాయి. బ్యాంకు వాకిట్లో గొలుసు వేసిన ఇరుకు గేటూ, వెనక నుంచి నెట్టే వరసా ఈ రోగికి ఎంత పరీక్షో ఆలోచించండి.

ఆగినప్పుడు మొదటి పని: పూర్తిగా ఆగనివ్వడం. కాళ్ళతో పెనుగులాడితే ఒళ్ళు ముందుకు తూలి పడతారు. నిటారుగా నిలబడి, ఊపిరి నిండుగా పీల్చి వదలాలి. తర్వాత ఒంటి బరువు ఎడమ కాలి మీదకు, కుడి కాలి మీదకు మెల్లగా మార్చాలి. ఆపైన ఎదురుగా గీత వున్నదనుకుని, కాలెత్తి, మడమ ముందు ఆనేలా పెద్ద అడుగు వెయ్యాలి. అదీ కాకపోతే ఒక అడుగు పక్కకు గానీ, వెనక్కి గానీ వేసి మళ్ళీ మొదలెట్టాలి. వెనక్కి వేసేటప్పుడు పక్కన మనిషి వుండాలి.

పక్కనున్న వాళ్ళు లాగకూడదు, నెట్టకూడదు, నలుగురూ నాలుగు మాటలు చెప్పకూడదు. ఒక్కరే పక్కన నిలబడి, "తొందరేం లేదు బాబాయ్, ఆగు, ఇప్పుడు ఎడమ కాలు" అని నెమ్మదిగా చెప్పాలి. కొందరికి గీత కంటే తాళం బాగా పనిచేస్తుంది. "ఒకటి, రెండు" లెక్కపెట్టవచ్చు, చప్పట్లు కొట్టవచ్చు. నాట్లు వేసేటప్పుడు పాట ఎత్తుకుంటే చేతులు ఒక్క వరసన సాగుతాయని మన ఆడకూలీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా పిన్ని నలభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. ఇప్పుడు ఆమె తొడ మీద చేత్తో తాళం వేస్తే బాబాయి దొడ్డిదాకా ఆగకుండా నడుస్తాడు. అయితే ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికి రాకపోవచ్చు. ఏది పనిచేస్తుందో ఇంట్లో, సావకాశంగా, పడకుండా పట్టుకునే మనిషిని దగ్గరుంచుకుని చూసుకోవాలి.

వెనక్కి తిరిగేటప్పుడు ఒంటికాలి మీద గిర్రున తిరగకూడదు. ఎడ్లబండి మళ్ళినట్టు విశాలంగా చుట్టు తిరగాలి. ఇంట్లో గడపకు ఇటూ అటూ, మంచం నుంచి వాకిలిదాకా సున్నంతో అడ్డగీతలు వెయ్యండి. ముగ్గు వేసే చేతులకు ఇది ఎంత పని! దారిలో గోనెపట్టాలు, తాళ్ళు, చెప్పులు తీసెయ్యండి. రాత్రి దొడ్డికి పోయే దారిలో దీపం వుండాలి. ముసలితనంలో తుంటి విరిగితే ఆ మనిషి మంచం దిగడం కష్టం. కూలి కుటుంబంలో ఒకరు మంచాన పడితే ఇంకొకరి కూలి పోయినట్టే.

మాత్ర వేళా, అన్నం వేళా

ఈ జబ్బు పూర్తిగా నయమయ్యే మందు ఇంకా లేదు. తగ్గిన డోపమైన్ ను భర్తీ చేసే లెవోడోపా, దానికి తోడుగా కార్బిడోపా కలిసిన మాత్ర ముఖ్యమైనది. మాత్ర పనిచేసే గంటల్లో కాళ్ళు నడుస్తాయి, దాని బలం తగ్గగానే ఆగుతాయి. చాలామంది కథ ఇదే. అందుకని ఎన్నింటికి మాత్ర వేశారు, ఎన్నింటికి కాళ్ళు ఆగాయి అని ఒక వారం కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే, మోతాదూ వేళా సరిచెయ్యడానికి వీలవుతుంది. కొద్దిమందికి మాత్ర బాగా పనిచేసే వేళలోనే కాళ్ళు ఆగుతాయి. కాబట్టి సొంతంగా పెంచుకోకూడదు. డబ్బుల్లేవని ఒక్కసారిగా మానెయ్యడం మరీ ప్రమాదం.

మాత్ర అన్నానికి అరగంటో గంటో ముందు వేసుకుంటే బాగా పడుతుంది. పప్పు, గుడ్డు, మాంసం, పాలు కడుపులో వుంటే మందు ఒంటికి పట్టడం తగ్గవచ్చు. అంటే అవి మానెయ్యమని కాదు. కూలివాడు తినేదే అంతంత మాత్రం. వేళ మార్చుకుంటే చాలు.

ఇంకో హెచ్చరిక. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మతి చెదిరిందని ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు డోపమైన్ ను అడ్డుకుని ఈ జబ్బును పెంచుతాయి. వూళ్ళో ఎవరు సూది వెయ్యబోయినా "మా ఆయనకు పార్కిన్సన్ వుంది" అని ముందే చెప్పాలి.

మన చేల గట్ల మీద పాకే దూలగొండి గింజల్లోనూ లెవోడోపా వున్నది. 1937లోనే మన శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి వాటి నుంచి దాన్ని వేరుచేశారు. అయినా ఏ గింజలో ఎంత వుందో కొలత తెలియదు. దంచుకుని మింగడం, మాత్ర మానేసి పొడి పట్టడం చెయ్యవద్దు.

గడ్డిమందు ప్రశ్న

జబ్బుకు పేరైన జేమ్స్ పార్కిన్సన్ లండన్ లో పేదల పేటలో వైద్యం చేసినవాడు. సామాన్యులకు ఓటుహక్కు కావాలని కరపత్రాలు రాసినందుకు పాలకుల అనుమానానికి గురై, 1794లో ప్రీవీ కౌన్సిల్ ముందు ప్రశ్నలకు జవాబు చెప్పుకున్నవాడు. 1817లో ఈ జబ్బు మీద పుస్తకం రాసినప్పుడు ఆయన మొదట వర్ణించిన రోగి ఒక తోటమాలి.

మట్టిలో పనిచేసే వాళ్ళకూ ఈ జబ్బుకూ లంకె వుందా? అమెరికాలో 2011లో వెలువడిన ఒక అధ్యయనం పారాక్వాట్ అనే గడ్డిమందు వాడిన వాళ్ళలో ఈ జబ్బు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ అని చెప్పింది. ఐరోపాలో 2007లో అక్కడి న్యాయస్థానం ఆ మందుకు అనుమతి రద్దు చేసింది. ఫ్రాన్స్ ప్రభుత్వం 2012లో, పురుగుమందుల మధ్య పనిచేసిన రైతులకూ కూలీలకూ వచ్చే పార్కిన్సన్ జబ్బును వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఫలానా మనిషికి ఫలానా మందు వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మందు కొట్టని వాళ్ళకూ వస్తుంది. కానీ బాబాయి ముప్పై ఏళ్ళు వీపున ట్యాంకు మోసి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మందు కొట్టాడు. చేతులకు తొడుగు ఇచ్చిన ఆసామి ఒక్కడూ లేడు. ఫ్రాన్స్ కూలీ అడగగలిగిన ప్రశ్న మన కూలీ ఎందుకు అడగకూడదు?

దయ కాదు, హక్కు

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్ జబ్బు పేరు వున్నది. ఈ సంగతి కార్యకర్తలే ఎరగరు. మేమూ ఎరగం. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా వున్నట్టు వైద్యుల బోర్డు సర్టిఫికెట్టు ఇస్తే వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ లో ఆ పింఛనును 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు. బోర్డు ముందుకు పోయేటప్పుడు ఒక జాగ్రత్త. మాత్ర బాగా పనిచేసే గంటలో నడిచి చూపిస్తే "బాగానే వున్నాడే" అంటారు. కాళ్ళు ఆగే వేళలు రాసుకున్న కాగితం, పడి విరిగిన చేతి ఎక్స్‌రే, నరాల డాక్టరు చీటీ దగ్గర పెట్టుకుని, కాళ్ళు ఎప్పుడెప్పుడు ఆగుతాయో నోరు తెరిచి చెప్పాలి.

సంఘం చెయ్యవలసిన పని చాలా వుంది. ప్రతి పేటలో అడగండి: అడుగులు చిన్నవైపోయిన ముసలివాళ్ళు, గాలి సోకిందని తాయెత్తు కట్టించుకున్న వాళ్ళు, తాగుబోతులని పేరు పడ్డ వాళ్ళు ఎందరున్నారు? వాళ్ళను నరాల డాక్టరు దగ్గరకు తీసుకుపోయే బాధ్యత ఒక కార్యకర్త తీసుకోవాలి. లెవోడోపా మాత్ర దేశ అత్యవసర మందుల జాబితాలో వున్నది. దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఇవ్వాలని మనం అడగాలి. నెలకోసారి బస్సెక్కి పట్నం పోవడమంటే కూలివాడికి రెండు రోజుల కూలి పోవడమే.

మొన్న మేడే వూరేగింపుకు బాబాయి వచ్చాడు. ముందు వరసలో కాదు, పక్క వరసలో, జనం తొక్కిడి లేనిచోట. చేతిలో జెండా లేదు, రెండు చేతులూ ఖాళీగా వుంచుకోమన్నాం. వీధి మలుపులో కాళ్ళు ఆగాయి. ఈసారి ఎవరూ అరవలేదు. వెనక వరస ఆగింది. పిన్ని తొడ మీద తాళం వేసింది. బాబాయి నిటారుగా నిలబడి, ఊపిరి తీసుకుని, లేని గీతను దాటినట్టు కాలెత్తి అడుగు వేశాడు. ఆ తర్వాతే మేమంతా కదిలాం.