మూడు పంటలకు టిక్కు పెడితే ఒక్కటే చేరితే?

దువ్వూరు: కె.సి. కాలువ పారే ఈ ప్రాంతంలో ఒకే రైతు వరి, పసుపు, ఉల్లి అంటూ రెండు మూడు పంటలు వేయడం మామూలే. పూర్వం కరణాలు అడంగల్లో ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉన్నదీ రాసుకునేవారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. ఇప్పుడు పంటల వివరాలు కంప్యూటరుకెక్కుతున్నాయి. కాగితంపై తప్పు కంటికి కనబడుతుంది. కంప్యూటరు పేజీ రాసినవారు పొరపాటు చేస్తే మాత్రం రైతుకు తెలియనే తెలియదు.

ఒక పేజీలో నాలుగు పంటల పేర్లు, వాటి పక్కన నాలుగు చిన్న గళ్లు ఉన్నాయనుకుందాం. రైతు మూడు గళ్లలో టిక్కు పెట్టాడు. వాటిని ఏరి తెచ్చే పనిని జావాస్క్రిప్టుకు అప్పగించవచ్చు. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన భాష ఇది.

తిరకాసు ఎక్కడ?

'క్వెరీ సెలెక్టర్' అని ఆజ్ఞాపిస్తే అది మొదట దొరికిన ఒక్క గడినే తెచ్చి ఊరుకుంటుంది. వరి చేరుతుంది, పసుపు, ఉల్లి గాలికి పోతాయి. 'క్వెరీ సెలెక్టర్ ఆల్' అని, పంటల గళ్ల పేరుకు 'చెక్డ్' అనే గుర్తు జతచేస్తేనే టిక్కు పడినవన్నీ వస్తాయి. తర్వాత ఒక్కొక్క గడి 'వాల్యూ'ను వరుసగా తీసి జాబితాలో వేసుకోవాలి.

ఇంకా కొన్ని జాగ్రత్తలున్నాయి. ప్రతి గడికీ పంట పేరునే వాల్యూగా రాయాలి. రాయకుంటే పేరుకు బదులు 'ఆన్' అనే మాట వస్తుంది. రైతు బటను నొక్కినప్పుడే టిక్కులు ఏరాలి. పేజీ తెరుచుకోగానే ఏరితే ఆయన పెట్టబోయే టిక్కులు అందులో ఉండవు.

టిక్కు లేని గడి గురించి ఫారం ఏమీ పంపదు. అన్నీ ఖాళీగా ఉంటే రైతు పంట వేయలేదనుకోవాలా, టిక్కు పెట్టడం మరిచాడనుకోవాలా? అందుకే 'ఏ పంటా వేయలేదు' అనే గడి కూడా ఒకటి ఉంచడం మంచిది.

చదివి వినిపించాలి

అన్నిటికంటే ముఖ్యం, ఏరిన జాబితాను పంపే ముందు తెరపై చూపించాలి. చదువురాని రైతుకు చదివి వినిపించాలి. వానకు పైరు మునిగిన తర్వాత "మూడిటికీ టిక్కు పెట్టినాను గదా సార్" అని మొత్తుకున్నా, జాబితాకెక్కని పంటకు సాక్ష్యం ఉండదు. పేజీలు రాయడం నేర్చుకుంటున్న మన పల్లె కుర్రాళ్లు ఈ సంగతి మరువరాదు.