ముసల్లా మీద మిరపకాయ

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం పల్లెలలో నేల ఎర్రబారుతుంది. మా నేల నల్లరేగడి. ఆ ఎరుపు కల్లాలలో ఆరబోసిన మిరపకాయలది. తాలు కాయలు ఏరి, మిగిలినవాటిని టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపేవరకు ఊరంతా తుమ్ములే. అటువంటి రోజులలో మా కుమార్తె తన రెండేళ్ల కుమారుని వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చి, నెల రోజులున్నది. ఆ నెల రోజుల ముచ్చట్లు పాఠకులతో పంచుకోదలచాము. వాటిలో మాకు సిగ్గు కలిగించేది కూడా ఒకటున్నది. దానినీ దాచము.

వాళ్లు వచ్చిన మూడవ నాడు, జ్వరం తగ్గని కారణంగా మేము అసర్ నమాజు ఇంటిలోనే చేస్తున్నాము. మనవడు పక్కింటి కల్లం నుండి ఒక ఎండు మిరపకాయ తెచ్చి, సరిగ్గా మేము సజ్దా చేసే చోట ఉంచాడు. ప్రేమతోనే ఉంచి ఉంటాడు. వాడి లెక్కలో అది కానుక. మేము వంగగానే ముక్కు దానికి తగిలింది. వరుసగా ఏడు తుమ్ములు వచ్చాయి. ప్రతి తుమ్ముకూ వాడు చప్పట్లు చరిచాడు. తరువాతి సజ్దాలో మా వీపెక్కి, రెండు చెవులనూ కళ్లెంలా పట్టుకొని గుర్రాన్ని అదిలించాడు. వంటింటిలో నుండి కుమార్తె పరుగున వచ్చి వాడిని దించుకున్నది. సలాం చెప్పి తిరిగి చూస్తే, పిల్లవాడిని కొంగులో దాచుకొని నిలబడి ఉన్నది. “అబ్బా, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ ఇటు రానివ్వను” అన్నది.

ఆమె గొంతులో భయమున్నది. మాకు నవ్వు వస్తూ ఉంటే, మా బిడ్డకు మేమంటే భయం వేస్తున్నది.

మేము ముప్పై ఏళ్లుగా మదరసాలో హదీసు పాఠం చెబుతున్నాము. దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజులో ఉండగా మనవడు వీపెక్కితే, సజ్దాను ఎంతో దీర్ఘం చేసిన సంఘటన నసాయీ గ్రంథంలో ఉన్నది. ఏదైనా జరిగిందేమో, లేక వహీ అవతరిస్తున్నదేమో అని వెనుకనున్న సహాబీలు అనుకున్నారు. తరువాత అడిగితే, పిల్లవాడు తనను వాహనంగా చేసుకున్నాడనీ, వాడి ముచ్చట తీరకముందే తొందరపెట్టడం తనకిష్టం లేకపోయిందనీ ఆయన (స) తెలిపారు. కుమార్తె జైనబ్ (రజి) బిడ్డ ఉమామాను ఎత్తుకొనే ఆయన నమాజు చేయించారు. సజ్దాకు వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. ఈ హదీసులను ఎన్ని తరగతులకు బోధించామో లెక్కలేదు. ఉల్లేఖకుల పరంపర ఏమిటి, నమాజులో ఎంత కదలిక అనుమతింపబడింది, ఏ ఇమాం అభిప్రాయం ఏమిటి అన్నవి వివరంగా చెప్పాము. ఉమామా ఆ సమయంలో ఊరకే ఉన్నదా, ఆయన గడ్డం పట్టుకు లాగిందా అని ఏ విద్యార్థీ అడగలేదు, మాకూ తోచలేదు.

ఫిఖ్హ్ సంగతి వచ్చింది గనుక మరొక ముచ్చట. ఒక శుక్రవారం, ఇస్త్రీ చేసిన తెల్లని జుబ్బా తొడుక్కొని ఖుత్బాకు బయలుదేరుతున్నాము. వాడు “నానా” అంటూ చేతులు చాచాడు, ఎత్తుకున్నాము, జుబ్బా తడిసింది. ఉమ్మె ఖైస్ (రజి) గారి పసిబిడ్డ ఒడిలో మూత్రం పోసినప్పుడు దైవప్రవక్త (స) నీళ్లు తెప్పించి దానిపై చల్లి ఊరుకున్నారన్న హదీసు గుర్తుకు వచ్చి క్షణకాలం ఆశ కలిగింది. కాని ఆ బిడ్డ అప్పటికింకా అన్నం తిననివాడు. మావాడు ఆ ఉదయమే గోంగూర అన్నం తిన్నాడు. పైగా మన హనఫీ మార్గంలో పాలబిడ్డదైనా కడగవలసిందే. జుబ్బా మార్చుకొని పరుగెత్తాము.

పత్తి రైతుల ఇళ్లలో జరిగే అల్లరి వేరు. ధర కోసం వేచి ఉండే పత్తిని ఒక గదిలో పోసి ఉంచుతారు. పొరుగింటి ఆ గదిలోకి మావాడు బెల్లం ముక్క నాకుతూ దూరాడు. వెతికి వెతికి పట్టుకునేసరికి చెంపలకు, చుబుకానికి దూది అంటుకొని మాకంటే నిండైన గడ్డంతో కూర్చున్నాడు. పొరుగింటి పెద్దమ్మ గారు “హజ్రత్, మీ మదరసాకు కొత్త ఉస్తాద్ వచ్చాడు” అన్నారు.

మిరపకాయతో మాత్రం నవ్వులాట కాదు. అదే చేత్తో వాడు కన్ను నులుముకున్న రోజున ఇల్లంతా గగ్గోలయింది. కారపు ఘాటు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చేతులకు ముందుగా నూనె రుద్ది, ఆపై సబ్బుతో కడగాలి. కంటికి నూనె తగలనీయరాదు. శుభ్రమైన నీటిని ధారగా పోస్తూనే ఉండాలి, మంట తగ్గకుంటే డాక్టరుకు చూపాలి. కల్లానికి వెళ్లి వచ్చిన పెద్దలు చేతులు కడుక్కోకుండా పిల్లలను ఎత్తుకోకపోతే సగం బాధ తప్పుతుంది. ఆనాడు ఏడ్చింది పిల్లవాడు, తిట్లు తిన్నది తల్లి. మేమిద్దరం, అనగా మేమూ మా శ్రీమతీ, పక్కనే ఉండి కూడా చూడలేదన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక మా సిగ్గు సంగతి. ఎనిమిదేళ్ల క్రితం రమజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ చేయిస్తున్నాము. ఒక యువకుడు మూడేళ్ల కుమారుని తీసుకువచ్చాడు. ఇంటిలో భార్య బాలింత, చూసేవారు లేరన్నది మాకు తరువాత తెలిసింది. పిల్లవాడు వరుసల మధ్య పరుగెత్తాడు, వుజూ కొళాయిలు తిప్పాడు, మేము ‘వలద్దాల్లీన్’ అనగానే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ‘ఆమీన్’ అని కేక వేసి నవ్వాడు. సలాం చెప్పి, అందరి ఎదుట ఆ తండ్రిని నిలదీశాము. మసీదు ఆటస్థలం కాదన్నాము, బిడ్డను అదుపులో పెట్టలేనివాడు ఇంటివద్దనే ఉండాలన్నాము. అతడు మారు పలుకక కుమారుని ఎత్తుకొని వెళ్లిపోయాడు. మళ్లీ మా మసీదుకు రాలేదు.

ఆ ఉదయమే మేము ఏ పాఠం చెప్పామో గుర్తులేదు. పసివాని ఏడుపు వినబడితే, ఆ తల్లి కలత తలచి దైవప్రవక్త (స) నమాజును కుదించేవారన్న బుఖారీ హదీసు మాత్రం అంతకు ముందూ చెప్పాము, ఆ తరువాతా చెప్పాము. అబూ ఉమైర్ అనే పసివాడు తన పిట్ట చనిపోయిందని దిగులుగా ఉంటే ఆయన (స) పలుకరించి ఆ పిట్ట సంగతే అడిగారు. ఆ చిన్న హదీసు నుండి హిజ్రీ నాలుగవ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ ఖాస్ అరవై విషయాలు గ్రహించి ఒక పుస్తకమే వ్రాశారు. మేము ఒక్కటి గ్రహించి ఉన్నా ఆ రాత్రి నోరు అదుపులో ఉండేది.

కుమార్తె ముఖంలో భయం చూచిన తరువాత ఆ యువకుడు మనస్సులో మెదలుతూనే ఉన్నాడు. వారం తరువాత మనవడిని చంకనెత్తుకొని వాళ్లింటికి వెళ్లాము. వాకిట తాలు కాయలు ఏరుతున్నాడు. లేచి సలాం చేసి కుర్చీ వేశాడు. వచ్చిన పని చెప్పాము, క్షమించమన్నాము. అతడు చాలాసేపు కాయలు ఏరుతూనే ఉన్నాడు.

“వాడికి గుర్తులేదు లెండి, హజ్రత్. అప్పుడు వాడు చిన్నవాడు” అన్నాడు. కొంత ఆగి, “నాకే గుర్తుంది” అన్నాడు.

మాకు జవాబు తోచలేదు. మావాడు అప్పటికే చంక దిగి, గుప్పెడు తాలు కాయలు తెచ్చి అతని ఒడిలో పోశాడు. అతడు వాడి చేతులు పట్టుకొని, లోపలివారిని నూనె తెమ్మని కేక వేశాడు. నూనె గిన్నె పట్టుకొని పదకొండేళ్ల పిల్లవాడు వచ్చాడు. వాడికి ముసల్లా మీది మిరపకాయ కథ చెప్పాము. శ్రద్ధగా విన్నాడు. “నిజంగా నమాజులోనే మీ వీపెక్కాడా?” అని అడిగాడు.

“ఎక్కాడు” అన్నాము. “చెవులు కూడా పట్టుకున్నాడు.”

వాడు తండ్రి వైపు చూచాడు. తండ్రి తల వంచుకొని మావాడి వేళ్లకు నూనె రుద్దుతున్నాడు.