శాకపాకము - ఇల్లాలి విస్తరి

"నేడేమి వండవలెను?" అను ప్రశ్నము ప్రతి గృహిణికిని దినదినమును ఎదురగుచుండునదే. కలవారి యింటనైనను, సామాన్యుల యింటనైనను దీనిని తప్పించుకొను దారి లేదు. మాంసము ముట్టని యిండ్లలో ఈ చిక్కు మరింత హెచ్చని పలువురు సోదరీమణులు తలంచుచున్నారు. వంకాయ, బెండకాయ, దొండకాయ, మరల వంకాయ - ఈ చక్రము తిరిగి తిరిగి విసుగు పుట్టించుచున్నదని వారి మొర. ఈ విసుగునకు మందుగా నేటి స్త్రీలు చేతిలోని ఫోను తెరపై దేశదేశముల వంటలను చూచుచున్నారు. ఇది నిందింపదగిన పని కాదు. పూర్వము అమ్మవద్దను, అత్తగారివద్దను, ఇరుగుపొరుగు వారివద్దను నేర్చుకొన్న విద్యనే నేడు కంటికి కానరాని దూరమున నున్న స్త్రీలవద్దను నేర్చుకొనుచున్నాము. అయితే చూచినదెల్ల వండుటవలన నాలుకకు క్రొత్తదనము కలుగును గాని, దేహమునకు బలము కలుగునా యను విచారము మనము చేయవలసి యున్నది.

ఇందులకు మా యింటి యనుభవమునే చెప్పెదము. కొంతకాలము క్రిందట మాకును ఈ క్రొత్త వంటల మోజు పట్టినది. ఆదివారము వచ్చినదనగా మైదాపిండితో నొకటి, వెన్నతో నొకటి, చీజుతో నొకటి చేయుచుంటిమి. పిల్లలు మెచ్చిరి, ఇంటివారు మెచ్చిరి, కిరాణా పద్దు పెరిగినది. ఆ దినములలోనే పదునాలుగేండ్ల మా అమ్మాయి మెట్లెక్కునప్పుడు ఆయాసపడుటయు, దీపాలవేళకే సోలిపోవుటయు కనిపెట్టితిమి. వైద్యురాలు రక్తపరీక్ష చేయించగా హిమోగ్లోబిను తొమ్మిది గ్రాములు మాత్రమే యుండెను. "అమ్మా, మీరును చేయించుకొనుడు" అని యామె మాతో ననెను. మాకును పదింటికి మించలేదు. ఇంటిల్లిపాదికిని వండి వడ్డించు చేతులలోనే రక్తము లేదని తెలిసినప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు.

ఈ కొరత మా యింటిది మాత్రమే కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని, తెలంగాణమున నూటికి 57.6 మందికిని రక్తహీనత యున్నట్లు తేలినది. గర్భవతులు కాని స్త్రీలకు హిమోగ్లోబిను డెసిలీటరునకు 12 గ్రాములకు తగ్గినను, గర్భవతులకు 11 గ్రాములకు తగ్గినను దానిని రక్తహీనత యందురు. మన రాష్ట్రములలో మాంసము తినువారే యెక్కువ. కావున శాకాహారమే ఈ కీడునకు కారణమని యెంచరాదు. తినునది మాంసమా శాకమా యనుటకంటె, ఎట్లు వండితిమి, దేనితో కలిపి తింటిమి, ఎవరెంత తినిరి యనునవే ముఖ్యము.

ఆకులోని యౌషధము

ఆకుకూర పేదల కూర యని తేలికగా చూచువారు ఈ చిన్న చరిత్రమును వినవలెను. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించెను. ఈస్టుసారము తినిపించినచో వారు కోలుకొనుచున్నారని యామె కనుగొనెను. అందులోని గుణకారి పదార్థమేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు పాలకూర నుండి యొక పదార్థమును వేరుచేసి, లాటినులో ఆకునకు గల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సంగ్రహణి వ్యాధికి తోబుట్టువును కోల్పోయి, తామును దానివలన బాధపడినవారాయన. ఆ వ్యాధిలోని రక్తహీనతకే ఫోలిక్ ఆమ్లము మందైనది. మన దొడ్డిలోని ఆకునందే యున్న గుణమును తెలిసికొనుటకు ఇన్ని దేశములవారు ఇన్ని యేండ్లు శ్రమించిరి. మనమో, ఆ యాకును గంటసేపు ఉడికించి, నీరు వార్చి పారబోయుచున్నాము! ఫోలిక్ ఆమ్లము నీటిలో కరగునది. ఎక్కువ వేడికి నశించునది. కావున ఆకుకూరను కడిగిన పిమ్మటనే తరుగవలెను. కొద్ది నీటిలో, కొద్ది సేపు, మూతపెట్టి ఉడికింపవలెను. ఉడికిన నీరు పప్పులోనో చారులోనో కలుపవలెను.

వంటయింటి నియమములు

వైద్యురాలు చెప్పిన మాటలను మేము వంటయింటి గోడపై వ్రాసి పెట్టుకొంటిమి. సోదరీమణుల కుపయోగించునని వానిని ఇట తెలుపుచున్నాము.

మొదటిది: శాకములందును పప్పులందును గల యినుము దేహమునకు సులభముగా పట్టదు. దానికి పులుపుతో గూడిన సి విటమిను తోడు కావలెను. నిమ్మరసము, ఉసిరిక, జామపండు, పచ్చి కొత్తిమీర - వీనిలో నేదైన నొకటి భోజనముతో నుండవలెను. నిమ్మరసమును పొయ్యిమీద నున్నప్పుడు పోయక, దించిన పిమ్మట పిండవలెను; సి విటమిను వేడికి నిలువదు.

రెండవది: అన్నము తినిన వెంటనే కాఫీయో టీయో త్రాగరాదు. అందలి వగరు పదార్థములు ఇనుమును పట్టుకొని, రక్తమున చేరనీయవు. భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట వెనుకను వానిని మానవలెను.

మూడవది: పప్పుదినుసులను నానవేయుట, మొలకెత్తించుట, పిండిని పులియబెట్టుట - ఇవి మన పెద్దలు రుచికై చేసిన పనులైనను, ఇనుమును బంధించియుంచు ఫైటేటును తగ్గించి మేలు చేయుచున్నవి. ఇడ్లీ, దోసె, మొలకల గుగ్గిళ్ళు ఇందువలననే మంచివి.

నాలుగవది: అటకమీది ఇనుప మూకుడును, ఇనుప పెనమును మరల దింపవలెను. వానిలో వండిన పదార్థమున కొంత యినుము చేరును. పులుపు కూరలలో మరింత చేరును గాని రంగు నల్లబడును. అందుచేత వండిన వెంటనే వేరొక గిన్నెలోనికి తీయవలెను.

ఐదవది: అన్నమునకు పప్పు తప్పక తోడుండవలెను. బియ్యములో కొరతపడు లైసిను అను మాంసకృత్తుల భాగము పప్పులలో నిండుగా కలదు. పప్పులలో కొరతపడు మెథియొనిను బియ్యమునందు కలదు. రెండును కలిసినప్పుడే పరిపూర్ణత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో, రెండువేల కెలోరీల ఆహారము తినువారికి దినమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో చేర్చి కూరగాయలు 400 గ్రాములు, పాలుగాని పెరుగుగాని 300 మిల్లీలీటర్లు ఉండవలెనని తెలిపిరి. మన యిండ్లలో అన్నము కొండవలె నుండి, పప్పు దానిపై చుక్కవలె నుండుట యెంత పొరపాటో దీనివలన తెలియగలదు.

ఆరవది: బి12 విటమిను శాకములలో లభింపదు. పాలు, పెరుగు, మజ్జిగ తీసికొను శాకాహారులకు కొంత లభించును. పాలుకూడ మానినవారు వైద్యుల సలహాతో మాత్రలు తీసికొనవలసినదే; ఇందు మొగమాటము పనికిరాదు.

పరాయి వంటను మనదిగా చేసికొనుట

ఇక క్రొత్త వంటల మాట. మేము ఫోను చూచుట మానలేదు. చూచు విధమును మార్చుకొంటిమి. తెరపై నేదైన వంటకము కంటికి ఇంపుగా కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందుము. దీనికి ప్రాణమైన వస్తువేది - పప్పా, కూరయా, లేక వట్టి మైదాయును వెన్నయునా? ఆ వస్తువునకు బదులు మా సంతలో దొరకునదేది? ఉప్పును నూనెయును ఎంత తగ్గింపవచ్చును? ఈ మూడింటికిని సమాధానము దొరకినదే మా పొయ్యి యెక్కును.

ఇట్లు చూచినచో, పరదేశపు వంటలు పెక్కులు మన చుట్టములే యని తోచును. ఇథియోపియాలోని క్రైస్తవులు ఉపవాసదినములలో మాంసమును, పాలను, వెన్నను వర్జింతురు. అందుచే వారు పప్పువంటలలో ఆరితేరిరి. టెఫ్ అను సన్నని ధాన్యపు పిండిని పులియబెట్టి, మన దోసెకు చుట్టమైన ఇంజెరా యను అట్టు పోసి, ఉల్లిపాయలతో నెమ్మదిగా ఉడికిన ఎర్రని మసూరుపప్పును దానిపై వడ్డించుకొందురు. మేము టెఫ్ కొరకు వెదకలేదు. రాగిపిండిని మినపపిండితో కలిపి పులియబెట్టి అట్టు పోసితిమి. పప్పును వారి రీతినే ఉల్లిపాయలలో మగ్గించితిమి. పిల్లలకది క్రొత్త వంట. మా అత్తగారికి మాత్రము రాగిదోసె, ముద్దపప్పు!

అరబ్బుదేశములలో హమ్మస్ అను పచ్చడి ప్రసిద్ధము. దానిని మేమిట్లు చేయుచున్నాము. కాబూలీ సెనగలు 100 గ్రాములు రాత్రి నానవేసి, మరునాడు మెత్తగా ఉడికింపవలెను. దోరగా వేయించిన నువ్వులు రెండు చెంచాలు, ఒక వెల్లుల్లి రెబ్బ, కొద్ది ఉప్పు చేర్చి, ఉడికిన నీటినే కొంచెము పోసి మెత్తగా రుబ్బవలెను. ఒక నిమ్మకాయ రసము పిండి, పైన జీలకర్ర పొడి చల్లవలెను. జొన్నరొట్టెకు ఇంతకంటె మంచి జత లేదు.

మన సొంత వంటలలో మునగాకు పప్పును మరువరాదు. నలుగురికి కందిపప్పు 150 గ్రాములు అరగంట నానవేసి మెత్తగా ఉడికింపవలెను. రెమ్మలతోనే కడిగి దూసిన మునగాకు రెండు దోసిళ్ళు అందులో వేసి, ఐదారు నిమిషములు మాత్రమే ఉడకనీయవలెను. ఒక చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, చితుకగొట్టిన వెల్లుల్లి పోపువేసి, దించిన పిమ్మట నిమ్మకాయ పిండవలెను. పులుపు బాగుగా తగిలినచో ఉప్పు తక్కువైనను నాలుకకు తెలియదు. ఉప్పు దినమునకు మనిషికి 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, మించరాదు. ఊరగాయ, అప్పడము, వడియములలోని యుప్పును ఇందు చేరినదే యని మరువరాదు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసి యున్నది. ఫలానా రసము పది దినములు త్రాగినచో రక్తము పొంగునని తెరపై చెప్పువారిని నమ్మి, వైద్యులిచ్చిన ఇనుప మాత్రలను మానరాదు. రక్తము మిక్కిలి తగ్గినప్పుడు ఆహారమొకటే చాలదు. మాత్ర లోటును పూరించును. ఆహారము ఆ లోటు మరల రాకుండ కాపాడును. కడుపులో పురుగులున్నను, నెలసరిలో రక్తస్రావము హెచ్చినను కారణమును వైద్యులే తేల్చవలెను.

ఇల్లాలి విస్తరి

తుద కొక మాట. ఈ నియమములన్నియు పాటించియు ఒక మాసమున మేమొక పొరపాటు చేసితిమి. మునగాకు పప్పు వండితిమి. అందరికిని కొసరి కొసరి వడ్డించితిమి. మేము కూర్చుండుసరికి గిన్నెలో అడుగంటిన పప్పు మాత్రము మిగిలినది. దానిలో మజ్జిగ పోసికొని లేచితిమి. అది చూచిన అమ్మాయి, "అమ్మా, నాతోపాటు మందు నీకును వ్రాసినారు గదా, నీ మందెక్కడ?" అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల యినుము కావలెననియు, పురుషునకు 19 చాలుననియు శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. అనగా ఇంటిలో నెక్కువ కావలసినది స్త్రీలకు. మిగిలినది తినువారును స్త్రీలే. ఈ విపరీతమును సరిచేయక, ఎన్ని దేశముల వంటలు నేర్చినను ఫలమేమి?

ఆ నాటినుండి మా యింట ఒక క్రొత్త యాచారము ఏర్పడినది. వడ్డనకు ముందే ఇల్లాలి పప్పు, ఇల్లాలి కూర వేరొక గిన్నెలో తీసి మూత పెట్టబడును. ఆ పని మా అమ్మాయిదే. వీలైన దినములలో అందరమును ఒక్క పంక్తినే కూర్చుందుము. ఆరు మాసములు మాత్రలును, ఈ భోజనమును సాగిన పిమ్మట, తల్లీకూతుళ్ళ మిరువురమును 12 గ్రాములు దాటితిమి. అమ్మాయి ఇప్పుడు మెట్లు పరుగున నెక్కుచున్నది.

సోదరీమణులారా! క్రొత్త వంటలు నేర్చుకొనుడు. పాత వంటలను మరల తలచుకొనుడు. కాని రేపు పప్పు దించునప్పుడు, ఎవరికిని వడ్డింపక మునుపే, ఒక చిన్న గిన్నెడు మీకై తీసి ప్రక్కన నుంచుడు. అన్నపూర్ణ యని పేరుపొందిన యిల్లాలు ఆకలితో లేచిన యిల్లు ఆరోగ్యముగా నుండజాలదు.